కందెన కబుర్లు



కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దలు ఒక సామెత చెప్పేవారు. ఇప్పటి పిల్లలకు ఆ సంగీతం తెలియదు. మన్నళ్ళి చుట్టుపక్కల ఊళ్ళలో చెరకు బండ్లు కట్టిన తరం వాళ్ళకు మాత్రం అది ఇంకా చెవుల్లోనే ఉంటుంది. ఎడ్ల మెడలో గంటలు వినపడక ముందే ఇరుసు కీచుమనడం వినపడేది. ఆ కూతను బట్టి వచ్చేది ఎవరి బండో చెప్పేవారు. ఈ రోజు మీతో ముచ్చటించబోయేది ఆ కందెన గురించి, దాన్ని అమ్ముకుని బతికే ఏజెంట్ల గురించి, ఆ ఏజెంట్లను నవ్వించడానికి కంపెనీలు పంపే కబుర్ల కాగితం గురించి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేసినవాణ్ణి, కాబట్టి మాటల్లో కాస్త సొంత డబ్బా దొర్లితే మన్నించండి. డబ్బా అంటే నూనె డబ్బాయే లెండి.

ముందు ఆ కాగితం సంగతి చెబుతాను. నూనెలు, గ్రీసులు తయారుచేసే కంపెనీలు తమ ఏజెంట్లకు నెలకోసారో, మూడు నెలలకోసారో నాలుగు పేజీల వార్తలు అచ్చువేసి పంపేవి. మొదటి పేజీలో పెద్ద మేనేజరు గారి ఫోటో, దాని కింద ఆయన శుభాకాంక్షలు. ఈ పేజీ ఎవరూ చదివేవారు కాదు. రెండో పేజీలో ఏ ఏజెంటు ఎన్ని బ్యారెళ్ళు అమ్మాడు, ఎవరికి బహుమతి వచ్చింది, ఎవరు గోవా యాత్రకు పోతున్నారు అన్న కబుర్లు. ఇది అందరూ చదివేవారు. కళ్ళజోడు లేనివాళ్ళు పక్కవాళ్ళచేత చదివించుకునేవారు. మూడో పేజీలో కొత్త సరుకు వివరాలు. నాలుగో పేజీలో జోకులు, పొడుపు కథలు, ఒక బొమ్మ. ఆ జోకులు చాలావరకు ఒక్కలాగే ఉండేవి: అత్తాకోడళ్ళకు ఏ గ్రేడు గ్రీసు వాడాలి, ఆఫీసులో ఫైలు కదలాలంటే ఏ నూనె పోయాలి, ఇలాంటివి. మొదటిసారి నవ్వు వస్తుంది. పదోసారి జోకు కంటే దాన్ని మళ్ళీ వేసినవాడి ధైర్యానికి నవ్వు వస్తుంది.

నూనెల వ్యాపారానికి జోకులు ఎందుకు అని మీరు అడగవచ్చు. ఏజెంటు కంపెనీ జీతగాడు కాదు. తన దుకాణం తనది, తన అప్పు తనది. పక్క అరలో ఇంకో కంపెనీ డబ్బా పెట్టుకుంటే అడిగేవాడు లేడు. 1990ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం ఆంక్షలు సడలించాక ఈ అరల మీద పోటీ మొదలయింది. అంతకుముందు మన బజార్లలో ఎక్కువగా కనిపించింది ప్రభుత్వ చమురు సంస్థల సరుకు, ఇండియన్ ఆయిల్ వాళ్ళ సర్వో వంటిది. తర్వాత షెల్, మొబిల్, గల్ఫ్, ఎల్ఫ్ అంటూ విదేశీ పేర్లు వరుసకట్టాయి. అందరి డబ్బాలోనూ ఉండేది దాదాపు ఒకే రకం నూనె. ధరలో తేడా పది రూపాయలు. ఇక మిగిలింది మనిషితో మంచితనం. పుట్టినరోజుకు కార్డు, కూతురు పెళ్ళికి గోడ గడియారం, కాగితంలో ఫోటో, చివర ఒక జోకు. ఏజెంటు మనసుకు కూడా కందెన కావాలని వాళ్ళకు తెలుసు.

మెకానిక్కును వదిలిపెట్టారనుకోకండి. మన ఊళ్ళలో ఇంజనులో ఏ నూనె పోయాలో యజమాని చెప్పడు, మెకానిక్కు చెబుతాడు. అందుకే డబ్బా మూత లోపల కూపన్లు పెట్టడం మొదలుపెట్టారు. పది మూతలు తెస్తే చొక్కా, యాభై తెస్తే ప్రెషర్ కుక్కరు. మా దుకాణం పక్క షెడ్డులో ఒకాయన మూతలను దండలా దారానికి గుచ్చి దేవుడి పటం పక్కన వేలాడదీసుకున్నాడు.

సరిహద్దు ఏజెంటుకు ఇంకో చిక్కు ఉండేది. మీకు తెలిసిందే, 1956 నవంబరు 1 దాకా మన బీదరు హైదరాబాదు రాష్ట్రంలో జిల్లా. జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు కూడా బీదరు జిల్లాలోవే. రాష్ట్రాలు విడదీసినప్పుడు అవి అటు మెదక్ జిల్లాకు పోయాయి, మనం ఇటు మైసూరు రాష్ట్రానికి వచ్చాం. పెళ్ళి సంబంధాలు మాత్రం ఏ రాష్ట్రానికీ పోలేదు. కంపెనీ వాళ్ళ పటంలో మన్నళ్ళి ఒక డివిజను, జహీరాబాద్ ఇంకో డివిజను. అటువైపు బావమరిది ట్రాక్టరుకు నేను నూనె అమ్మితే అది వేరే వాళ్ళ ఇలాకాలో చొరబడ్డట్టు. పన్నులు వేరు, కాగితాలు వేరు. పెద్ద రోడ్డు మీద చిరాగ్‌పల్లి దగ్గర చెక్‌పోస్టు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. పెట్రోలు, డీజిలు ఆ లెక్కలోకి రాలేదు గాని కందెన నూనెలు వచ్చాయి.

కబుర్ల కాగితం కూడా ఇంగ్లీషులోనో, హిందీలోనో, అప్పుడప్పుడు కన్నడంలోనో వచ్చేది. తెలుగులో మాకెవరూ పంపలేదు. మా దుకాణం అరుగు మీద దాన్ని నేనే చదివి తెలుగు చేసి చెప్పేవాణ్ణి. జోకు ఒక భాషలో పుట్టి ఇంకో భాషలో చచ్చిపోవడం నేను కళ్ళారా చూశాను. అయితే మన దగ్గర ఒక సుఖం ఉంది. మనం కందెన అన్నదాన్ని కన్నడం వాళ్ళు కీలెణ్ణె అంటారు, మరాఠీ వాళ్ళు వంగణ్ అంటారు. దుకాణానికి వచ్చినవాడు ఏ మాట అన్నా చెయ్యి మాత్రం ఒకే డబ్బా వైపు చూపించేది.

ఇంతకూ కందెన చేసే పని ఏమిటి? కంటికి ఎంత నున్నగా కనిపించినా, ఇనుము పైభాగాన్ని భూతద్దంలో చూస్తే మన మొరం గుట్టల్లా ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండు ఇనుప ముక్కలు రుద్దుకుంటే ఆ గుట్టలు ఒకదానికొకటి తగిలి విరుగుతాయి, వేడెక్కుతాయి, అరుగుతాయి. మధ్యలో పలుచని నూనె పొర నిలబడితే ఇనుము ఇనుముకు తగలకుండా నూనె మీద జారుతుంది. ఉన్న సూత్రం అంతే. దీన్ని ఈజిప్టు వాళ్ళు సుమారు 3900 ఏళ్ళ క్రితమే వాడుకున్నారు. జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద ఒక బొమ్మ ఉంది. పెద్ద రాతి విగ్రహాన్ని బల్ల మీద పెట్టి వందమందికి పైగా లాగుతుంటే, ఒకడు మాత్రం ముందు నిలబడి ఇసుక మీద నీళ్ళు పోస్తున్నాడు. ఇసుక సరైన పాళ్ళలో తడిస్తే లాగే శ్రమ సగానికి తగ్గుతుందని ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో పరీక్షించి చెప్పారు. నేను ఆ బొమ్మ చూసినప్పుడల్లా అనుకుంటాను, అందరూ చెమటోడుస్తుంటే ఒక్కడే కుండ పట్టుకుని హాయిగా నిలబడ్డాడంటే వాడు తప్పకుండా మా ఏజెంటే అయి ఉంటాడు.

మన దేశంలో ఈ పని ఆముదం చేసింది. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి, బండికి వేలాడదీసేవారు. ఆముదానికి ఒక గుణం ఉంది. వేడెక్కినా ఇనుమును పట్టుకుని ఉంటుంది, త్వరగా జారిపోదు. ఈ గుణం చూసే 1909 ప్రాంతంలో ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ వాళ్ళు తమ మోటారు నూనెలో ఆముదం కలిపారు. ఆముదానికి ఇంగ్లీషు పేరు కాస్టర్ కదా, దానినుంచే నూనెకు కాస్ట్రాల్ అని పేరు పెట్టారు. మనం తలకు రాసుకున్నది, పిల్లలకు ముక్కు మూసి తాగించినది అక్కడ మోటారు కారు ఎక్కింది.

విమానమూ ఎక్కింది. బీదరు వైమానిక కేంద్రం నుంచి లేచిన విమానాలు మన పొలాల మీదుగా పోతుంటే తలెత్తి చూడనివాళ్ళు ఉండరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో చాలావాటికి గిర్రున తిరిగే రకం ఇంజన్లు ఉండేవి. వాటికి ఆముదమే కందెన, ఎందుకంటే అది పెట్రోలులో సులువుగా కలిసిపోదు. కాని ఆ ఇంజను వాడిన నూనెను దాచుకోదు, గాలిలోకి వెదజల్లుతుంది. వెనుక కూర్చున్న పైలటు ముఖం మీద అదే, ఊపిరిలో అదే, కడుపులోకీ అదే. ఆముదం కడుపులోకి పోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. శత్రువు కంటే ముందు దొడ్డి దారే వాళ్ళను కిందకు దింపేదని ఆ కాలపు వేళాకోళం. కబుర్ల కాగితంలో ఈ సంగతి రాసి పంపితే కంపెనీ వాళ్ళు వేయలేదు, మర్యాదగా ఉండదన్నారు.

బిద్రీ పనివాళ్ళను అడగండి, వాళ్ళూ ఆముదం పేరు చెబుతారు. పాత్ర పోతపోసే మట్టి అచ్చులో ఆముదం, గుగ్గిలం కలిపి మట్టిని మెత్తగా చేస్తారు. చివర్న కోట మట్టితో నలుపు తేలాక నూనె రుద్దితేనే ఆ నలుపుకు నిగారింపు.

ఇప్పుడు డబ్బాల్లో వచ్చే గ్రీసులో ఆముదం లేదనుకుంటున్నారా? ఇది నాకు బాగా ఇష్టమైన సంగతి. గ్రీసంటే చిక్కటి నూనె కాదు. ఒక రకం సబ్బును జాలీలా అల్లి, అందులో నూనెను పట్టి ఉంచుతారు. స్పాంజి నీటిని పట్టినట్టు సబ్బు నూనెను పడుతుంది. బేరింగు తిరిగి ఒత్తిడి పడ్డప్పుడు కావలసినంత నూనె వదులుతుంది. ప్రపంచంలో ఎక్కువగా వాడేది లిథియం గ్రీసు. దాని సబ్బు తయారీకి కావలసిన ఆమ్లాన్ని ఆముదం నుంచే తీస్తారు. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించేది మన దేశమే, అందులో పెద్ద వాటా గుజరాతుది. తెలంగాణలో నాగర్‌కర్నూలు దగ్గర పాలెంలో ఆముదం పంట మీద పరిశోధన చేసే కేంద్రమూ ఉంది. అంటే వెదురు గొట్టంలోంచి పోయిన ఆముదం రంగుడబ్బాలో తిరిగి వచ్చింది, రెట్టింపు కాదు, చాలా రెట్లు ధరతో.

ఇక అసలు సంగతికి వస్తాను. దీన్ని చెప్పడానికే ఈ ప్రసంగం ఒప్పుకున్నాను.

1990ల నడుమ ఒక మార్చి నెల. కంపెనీలకు అది లెక్కలు ముగిసే నెల. ఇంకొక్క బ్యారెలు అమ్మితే నా పేరు బహుమతుల జాబితాలో చేరుతుంది. నా దగ్గర మిగిలింది హైడ్రాలిక్ నూనె, 68 నంబరుది. అది జేసీబీ వంటి యంత్రాల్లో ఒత్తిడి పుట్టించడానికి వాడేది. మా వైపు అప్పుడు అలాంటి యంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. అదే సమయానికి గానుగల కాలం. చెరకు ఆడించే గానుగకు డీజిలు ఇంజను నడుపుకునే ఒక పెద్దాయన నూనెకు వచ్చాడు. నేను ఆయన్ను కాకా అని పిలిచేవాణ్ణి. ఆయన ఇంజనుకు కావలసింది 40 నంబరు ఇంజను నూనె. అది దుకాణంలో లేదు.

"ఇది 68 కాకా, 40 కంటే పెద్ద నంబరు. ఇంకా చిక్కగ ఉంటది, మంచిగ పనిచేస్తది" అన్నాను.

అబద్ధం చెబుతున్నానని నాకు అప్పుడు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేయలేదు, అంతే. నంబరు పెద్దదయితే చిక్కదనం ఎక్కువని నేనూ నమ్మాను, అలా నమ్మడం నాకు లాభం కాబట్టి.

శ్రోతలు ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే ఈ పొరపాటు ఈనాటికీ జరుగుతున్నది. నూనె డబ్బాల మీద నంబర్లు అన్నీ ఒకే కొలతవి కావు. మన పెద్దల కాలంలో నిజాం హాలీ సిక్కా, ఇంగ్లీషువాళ్ళ కల్దారు రెండు రూపాయలూ నడిచేవి. 7 హాలీ రూపాయలు ఇస్తే సుమారు 6 కల్దార్లు. ఊరికే రూపాయి అంటే ఏ రూపాయో అడగకుండా ఎవరూ బేరం ముగించేవారు కాదు. నూనె నంబర్లూ అంతే. హైడ్రాలిక్ నూనె మీద 68 అంటే 40 డిగ్రీల వేడి దగ్గర దాని చిక్కదనం కొలత. ఇంజను నూనె మీద 40 అన్నది అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘం పెట్టిన వేరే లెక్క. దాన్ని 100 డిగ్రీల దగ్గర చూస్తారు. ఈ 40 నంబరు నూనెను ఆ మొదటి కొలతతో కొలిస్తే సుమారు 140 వస్తుంది. అంటే నేను చిక్కటిదని చెప్పి ఇచ్చింది అందులో సగం చిక్కదనం కూడా లేనిది. గేరు నూనె 90 కూడా అలాంటిదే, వినడానికి పెద్ద నంబరు, నిజానికి 40, 50 నంబర్ల ఇంజను నూనెకు దగ్గరగా ఉంటుంది.

బెల్లం వండేవాళ్ళకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. పెనం మీద ఉడికేటప్పుడు జారుడుగా ఉన్న పాకం దించి చల్లార్చితే తీగ సాగుతుంది. అందుకే పాకం ఎంత చిక్కగా ఉందని అడిగితే ఎంత వేడి మీద అని తిరిగి అడగాలి. డబ్బా మీద 20డబ్ల్యు-40 అని రెండు నంబర్లు ఉండేది అందుకే. మొదటిది చలిలో దాని నడవడి, రెండోది వేడిలో.

చిక్కదనం ఒక్కటే కాదు. ఇంజను లోపల మసి పుడుతుంది. ఇంజను నూనెలో ఆ మసిని కడిగి, గడ్డకట్టకుండా తనలో తేల్చి ఉంచే మందులు కలుపుతారు. వాడిన ఇంజను నూనె నల్లబడితే అది చెడ్డదని కాదు, పని చేస్తున్నదని అర్థం. హైడ్రాలిక్ నూనెలో ఆ మందులు ఉండవు, దానికి ఆ అవసరం లేదు. కాకా ఇంజనులో మసి బురదలా పేరుకుంది, పలుచని నూనె పొర వేడికి తెగింది, బేరింగు పట్టేసింది. పొలంలో చెరకు కొట్టి పెట్టి ఉంది. కొట్టిన చెరకు ఎండలో రోజురోజుకు రసం, తీపి రెండూ తగ్గుతుంది. బీదరు నుంచి కొత్త బేరింగు తెచ్చి బిగించేదాకా మూడు రోజులు గానుగ ఆగింది.

అదే వారం కబుర్ల కాగితం వచ్చింది. రెండో పేజీలో నా ఫోటో. "ఆయన చేతిలో నూనె, నోట్లో తేనె" అని ఫోటో కింద సరదాగా రాశారు. బహుమతి ఒక గోడ గడియారం.

నేను ఆ గడియారం తీసుకుని గానుగ దగ్గరికి పోయాను. జరిగింది చెప్పాను. బేరింగు ఖర్చు ఇస్తానన్నాను, ఈ గడియారం కూడా మీరే ఉంచుకోండి అన్నాను. కాకా తిట్టలేదు. బేరింగు డబ్బు లెక్కపెట్టి తీసుకుని తలపాగాలో దోపుకున్నాడు. గడియారం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మూడు దినాలు నిలబడ్డ గానుగకు గడియారం ఎందుకు బిడ్డా?" అని తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత నెలలో నేను కంపెనీకి ఉత్తరం రాశాను. పేర్లు లేకుండా ఈ సంగతి కాగితంలో వేయమన్నాను. వేస్తారనుకోలేదు. నాలుగో పేజీలో జోకుల పక్కన చిన్న డబ్బా కట్టి, 68కీ 40కీ తేడా ఏమిటో ఆరు వరుసల్లో వేశారు. ఆ ఆరు వరుసలు కత్తిరించి దుకాణంలో కౌంటరు అద్దం కింద పెట్టాను. మూడు భాషల్లో కింద నేనే రాశాను. ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు తాము కూడా అదే చేశామని రాశారు. నవ్వించే పేజీ అని దాన్ని తక్కువగా చూశాను గాని, అందరూ చదివే పేజీ అదే కదా.

ఇప్పుడు ఈ కబుర్లు సెల్‌ఫోన్లలో వస్తున్నాయి. జోకులు అవే. సెల్‌ఫోనుతో ఒక మేలు ఉంది, కొన్ని డబ్బాల మీద గళ్ళ గుర్తును ఫోటో తీస్తే సరుకు అసలుదో కాదో తెలుస్తుంది. నకిలీ వాళ్ళు ఎక్కువగా చేసేది ఖాళీ డబ్బాలు కొని, వాడిన నూనెను వడగట్టి నింపి అమ్మడం. అందుకని నూనె పోసుకున్నాక ఖాళీ డబ్బాకు మేకుతో రెండు రంధ్రాలు పొడిచి పారేయండి. పాతసామాన్ల వాడు రెండు రూపాయలు తగ్గిస్తాడు, తగ్గించనివ్వండి.

వాడిన నూనె మాటకు వస్తే, దాన్ని పొలం గట్టు మీదో, బావి పక్కనో పారబోయడం మన దగ్గర మామూలు. బీదరు ఎర్ర మొరం నేల నీటిని లోపలికి పీల్చుకునే నేల. బహమనీల కాలంలో నౌబాద్‌లో భూమి కింద సొరంగాలు తవ్వి కరేజ్ కట్టి నీళ్ళు పారించింది ఈ గుణం చూసే. నీరు దిగిన దారినే నూనె దిగుతుంది. ఒక లీటరు వాడిన నూనె పది లక్షల లీటర్ల నీటిని తాగడానికి పనికిరాకుండా చేయగలదని లెక్క. 2024 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన కంపెనీలే వాడిన నూనెను తిరిగి సేకరించి శుద్ధికి పంపే బాధ్యత తీసుకోవాలని కేంద్రం నియమం పెట్టింది. మీ దగ్గర నూనె మార్చినప్పుడు పాత నూనె డబ్బాలో పట్టి దాచండి, దుకాణంవాణ్ణి తీసుకుంటావా అని అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి జవాబు దొరుకుతుంది.

కాకా ఇప్పుడు లేడు. మనవడు గానుగ నడుపుతున్నాడు, ఇంజను పోయి కరెంటు మోటారు వచ్చింది. మొన్న దుకాణానికి వచ్చి, రసం కారే రోలర్ల దగ్గర మామూలు గ్రీసు పెట్టవచ్చా అని అడిగాడు. పెట్టకూడదు. తినే సరుకుకు తగిలే చోట వాడటానికి వేరే గ్రీసు వస్తుంది, దాని మీద ఆహార తరగతి అని రాసి ఉంటుంది, ధర మూడింతలు. ఆ మాటే చెప్పాను. నా కొడుకు నా వైపు చూశాడు, ఎందుకంటే ఆ రోజు మా దగ్గర అది లేదు, మామూలుది రెండు డబ్బాలు ఉంది. హైదరాబాదు నుంచి తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. పిల్లవాడు ఆగాడు. కౌంటరు వెనక గోడ మీద ఆ గడియారం ఇంకా నడుస్తున్నది, రోజుకు ఐదు నిమిషాలు వెనక.